ఏలియా టీవీకి డబ్బా అక్కర్లేదు

నాచారం,
ఏప్రిల్ 6.

ప్రియమైన రాజ్యమక్కకు దోర్కా వందనాలు.

ఊరూ తేదీ కుడివైపు పైన వేశాను, చూసుకో. మార్కులు తగ్గించకు. నువ్వు ఆరో తరగతికి, నేను ఏడో తరగతికి తెలుగు చెబుతూ పాతికేళ్లు పిల్లల చేత లేఖలు రాయించాం. మనం మాత్రం ఒకరికొకరం ఒక్క ముక్క రాసుకోలేదని రిటైరైన రోజు నువ్వే అన్నావు. నువ్వు నాచారం వదిలి ఉప్పల్ వెళ్లాక ఆ మాట నన్ను పట్టుకుంది. ఫోన్లో అయితే నువ్వెలాగూ నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఇక కాగితమే దిక్కు.

ఇంట్లో పెద్ద లొల్లి నడుస్తోంది. పాత కేబుల్ బంద్, డిజిటల్ డబ్బా పెట్టుకున్న వాళ్లకే బొమ్మ అని కేబులాయన గల్లీ గల్లీ తిరిగి చెప్పాడు. అందరూ నోరు మూసుకుని పెట్టించుకున్నారు. మా ఆయన సంగతి నీకు తెలుసుగా. ఏలియా ప్రవక్త రాజులతో కొట్లాడాడు కాబట్టి, ఆ పేరు పెట్టుకున్నందుకు తాను కేబులాయనతోనైనా కొట్లాడాలని ఈయన నమ్మకం. గేటు దగ్గర నిలబడి, "ఇన్నేండ్ల సంది నా టీవీ మంచిగ నడుస్తుంది. దాని నెత్తి మీద ఇంకో డబ్బా ఎందుకు? నా టీవీ గుడ్డిదా, దానికి కండ్లద్దాలు పెట్టనీకి?" అన్నాడు. అంతటితో ఆగొచ్చుగా! "ఏలియా ఇంట్ల గా డబ్బా అడుగుపెట్టిన నాడు నా మీసం తీసేస్త!" అని గల్లీ అంతా వినేలా అరిచాడు. మా పెళ్లి ఫోటోలో నాకన్నా ముందు కనబడేది ఆ మీసమే అక్కా. అది పోతే ఆయన్ను నేనే గుర్తుపట్టను.

నిన్న సాయంత్రం కేబుల్ పోయింది. తెర నిండా ఈగలు. నా సీరియల్లో కోడలు అత్తకు నిజం చెబుదామని నోరు తెరిచింది, సరిగ్గా అప్పుడే పోయింది. ఆ పిల్ల నోరు ఇంకా నా కళ్ల ముందు తెరుచుకునే ఉంది. మా ఆయన ఈగలను కూడా కుర్చీ వేసుకుని చూస్తున్నాడు, ఓడిపోయాడని ఎవరూ అనుకోకుండా.

మీ ఇంట్లో డబ్బా ఎలా ఉంది? వెంటనే రాయి.

నీ చెల్లెలు,
దోర్కా.


ఉప్పల్,
ఏప్రిల్ 12.

చిన్నారి చెల్లెలు దోర్కాకి రాజ్యం ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నడిచొస్తే గంట పట్టని దూరానికి దాన్ని ఊరంతా తిప్పి, నలిపి, కాఫీ మరకతో సహా తెచ్చిచ్చారు. తొమ్మిది మార్కులు వేశాను. "కుశలమని తలుస్తాను" అన్న వాక్యం రాయలేదు, అందుకని ఒకటి తగ్గింది.

డబ్బా బాగానే ఉందే. మా ఆయనే బాగా లేరు. రిమోట్ మీద ఎర్ర బొత్తం ఏవిటో చూద్దామని నొక్కారు. అంతే, తెర మీద అక్షరాలన్నీ తమిళమో మలయాళమో అయి కూర్చున్నాయి. సరిచేద్దామని పచ్చ బొత్తం నొక్కారు. బొమ్మ పోయి రేడియో వచ్చింది. రెండు రోజులు టీవీ ముందు వరుసగా కూర్చుని రేడియో విన్నాం. ఎవరైనా చూస్తే పరువు పోతుందని తలుపులేసుకుని మరీ విన్నాం.

ఇంకో వింత చెప్పనా? స్టేడియం మా ఇంటికి రెండు వీధులవతలే కదా. పాత కేబుల్ ఉన్నప్పుడు మ్యాచ్ జరుగుతుంటే అక్కడి అరుపూ ఇక్కడి బొమ్మా కలిసి వచ్చేవి. ఈ డిజిటల్ వచ్చాక బొమ్మ కాస్త ఆలస్యం. ముందు స్టేడియంలో అరుపు వినిపిస్తుంది, నేను కాఫీ ఒక గుక్క మింగాక టీవీలో సిక్సు పడుతుంది. మా ఆయన నరసింహమూర్తి గారు దీన్నొక విద్య చేసుకున్నారు. అంబర్‌పేట నుంచి చుట్టాలు వస్తే వాళ్లని కూలర్ మోత పక్కన కూర్చోబెట్టి, తాను కిటికీ పక్కన కూర్చున్నారు. బంతి వేయకముందే కళ్లు మూసుకుని, "ఇది సిక్సు" అన్నారు. సిక్సే! "వీడు అవుట్" అన్నారు. అవుటే! చుట్టాలావిడ లేచి ఈయనకి దణ్ణం పెట్టి, తన కూతురి పెళ్లి ఎప్పుడవుతుందో చెప్పమంది. ఈయన మార్గశిరంలో అని చెప్పేశారు. ఇప్పుడు ఆ పెళ్లి కాకపోతే ఎవరిది బాధ్యత?

అసలు కబురు చివర్న పెట్టాను. టీవీలో ఆడవాళ్ల వంటల కార్యక్రమానికి నన్ను ఎంపిక చేశారు! మీ తెలంగాణ వంట, నీ సర్వపిండి చేస్తున్నాను. తణుకు నుంచి వచ్చి పెసరట్టు వేస్తే ఎవరు చూస్తారు చెప్పు? "ఇది నాకు నాచారంలో మా దోర్కా టీచర్ నేర్పింది" అని కెమెరా మొహం మీదే చెప్తాను. నీ పేరు రాష్ట్రమంతా వింటుంది. ఆ రోజుకి నువ్వు బొమ్మ వచ్చే టీవీ ముందు ఉండాలి. లేకపోతే నీకూ నాకూ మాటల్లేవు, ఉత్తరాలూ లేవు.

నీ అక్క,
రాజ్యం.


నాచారం,
ఏప్రిల్ 22.

ప్రియమైన రాజ్యమక్కకు దోర్కా వందనాలు. నువ్వు కుశలమని తలుస్తాను. (ఆ ఒక్క మార్కు ఇచ్చేయి.)

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. టీవీలో నా పేరా? అక్కా, బళ్లో నేను ఏడో తరగతి తెలుగు టీచర్‌ని. గల్లీలో ఏలియా భార్యను. చర్చిలో మీసమాయన ఇంటామెను. పేరు పెట్టి పిలిచేది నువ్వొక్కదానివే. అది టీవీలో వినకపోతే నేను బతికినా దండగే. ఎండలో పడి డబ్బా నేనే మోసుకొస్తానన్నాను. "మీసమా, నీ పేరా, ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడు మా ఆయన. మనిషికి ఎంత కొవ్వు!

ఇంతలో అద్భుతం జరిగింది. పోయిన బుధవారం పొద్దుగూకే వేళ ఈగల మధ్య నుంచి ఠక్కున బొమ్మ వచ్చింది. డబ్బా లేదు, ఏమీ లేదు! మా ఆయన ఎగిరి గంతేశాడు. "సూసినవా దోర్కా, సర్కారే దిగొచ్చింది!" అన్నాడు. అయితే వచ్చేది ఒక్కటే చానెల్. అదీ తనంతట తానే మారుతుంది. మన రిమోట్ ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. సినిమా చూస్తుంటే వంటలు, వంటలు చూస్తుంటే భజనలు. డిజిటల్ అంటే ఇంతే, పైవాళ్లు ఏది పంపితే అది చూడాలని మా ఆయన తేల్చాడు.

ఆ మర్నాడు ఏడింటికి ఆయన విసుగొచ్చి, "ప్రభువా, జర వార్తలు సూపియ్యరాదు?" అని గట్టిగా ప్రార్థించాడు. ప్రార్థన ముగిసిందో లేదో వార్తలొచ్చాయి! తర్వాతి రోజు మళ్లీ ప్రార్థన, మళ్లీ వార్తలు. ఇక ఆగుతాడా? ఆదివారం కూడికలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. "అందరి టీవీని డబ్బా నడుపుతుంది, నా టీవీని మాత్రం దేవుడే నడుపుతున్నడు" అని. పాస్టర్ గారు స్తోత్రం అనాలో వద్దో తెలియక చాలాసేపు దగ్గారు.

నీ కార్యక్రమం ఎప్పుడో రాయి. ఆయన చేత ముందే ప్రార్థన చేయిస్తాను.

నీ చెల్లెలు,
దోర్కా.


ఉప్పల్,
ఏప్రిల్ 27.

దోర్కాకి,

క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను.

షూటింగ్ అయింది. దాని గురించి రాసేదేం లేదు. మొహం మీద అంత వెలుగు వేస్తే మనిషి ఏం మాట్లాడతాడో మనిషికే తెలీదు. పైగా యాంకరమ్మాయి ప్రతి ముక్కకీ నవ్వుతుంది. నవ్వితే నాకు కంగారు. గంజు గిన్నెకి పిండి అంటుకుపోయింది.

మే రెండో శనివారం మధ్యాహ్నం రెండింటికి వేస్తారట. మండే ఎండ. ఆ వేళకి హాయిగా పడుకో. నీకు కళ్లు కూడా అంత బాగాలేవు కదా. ఆ చిన్న కార్యక్రమం కోసం మీ ఆయన చేత దేవుణ్ణి ఇబ్బంది పెట్టించడం ఎందుకు? తానే మారే టీవీ అంటే నాకైతే భయంగా ఉంది. షాక్ కొడుతుందేమో, దగ్గరికి వెళ్లకు.

మా ఆయన దివ్యదృష్టి బాగానే సాగుతోంది. ఇంతే సంగతులు.

రాజ్యం.


నాచారం,
మే 3.

ప్రియమైన రాజ్యమక్కకు దోర్కా వందనాలు.

ఏందక్కా గంత చిన్న ఉత్తరం? పైగా పడుకోమంటావా! అంత సిగ్గు ఎందుకే? టీవీలో ఎవరికైనా కంగారే. నువ్వు నా పేరు చెబుతుంటే నేను నిద్రపోతానా?

ఈ ఉత్తరం చదివి చింపేయి. దేవుడెవరో తెలిసింది. పక్కింటి బాలరాజు.

మొన్న పెరట్లో బట్టలు తీస్తున్నాను. గోడవతల ఆయన భార్య నీరజ, "గా వార్తలు ఎంతసేపు సూస్తవయ్యా, జర సీరియల్ పెట్టు!" అంది. ఆ మాట పూర్తయిందో లేదో మా ఇంట్లోంచి సీరియల్ పాట. లోపల మా ఆయన, "ప్రభువా, వార్తలు సూస్తున్న గదా, నేనేం తప్పు జేసిన?" అని అడుగుతున్నాడు. నవ్వాపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

గోడెక్కి చూశాను. (నడుం పట్టేసింది, అది వేరే సంగతి.) పాత రోజుల నుంచీ కేబుల్ వైరు స్తంభం నుంచి బాలరాజు ఇంటికి వచ్చి, అక్కడ రెండుగా చీలి, ఒక కొస గోడ మీదుగా మా ఇంటికి వస్తుంది. పోయిన నెల వాళ్లకు డబ్బా మార్చిన కేబులాయన, తొందర్లో కొత్తదాన్ని ఆ చీలికకు ముందు తగిలించి పోయాడు. అంటే వాళ్ల డబ్బాలోంచి వచ్చిన బొమ్మే రెండిళ్లకూ పోతుంది. బాలరాజు ఏది నొక్కితే మాకూ అదే. పాపం, ఈ సంగతి బాలరాజుకూ తెలియదు. ఏడింటికి వార్తలు చూడటం ఆయన అలవాటు, అంతే.

మా ఆయనకు చెప్పలేను. కూడికలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాడాయె. ఆ బాలరాజుకూ ఈయనకూ మాటల్లేవు కూడా. వాళ్ల గృహప్రవేశంలో బగారా అన్నంలో ఉప్పు తక్కువైందని మా ఆయన అన్నాడు చూడు, పక్కనే మైకు ఉందని చూసుకోకుండా! అప్పటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే ఆకాశం చూస్తారు. అందుకని ఇప్పుడు ప్రార్థన ఆయనది, పరుగు నాది. ఆయన లోపల మోకాళ్ల మీద మ్యాచ్ అడుగుతాడు. నేను పెరట్లోకి ఉరికి, "నీరజా, ఇయ్యాల మ్యాచ్ ఉందట గదా?" అంటాను. ఆ పిల్ల మొగుడికి చెబుతుంది. లోపల స్తోత్రం వినిపిస్తుంది.

కానీ శనివారం రెండింటికి ఈ పప్పులుడకవు. బాలరాజు తిని, టీవీ, డబ్బా ఆపి, పడుకుంటాడు. అప్పుడు మాకు ఈగలే. అందుకని నీరజను నేరుగా అడిగాను. "మా ఇంటికే రా పెద్దమ్మా, గల్లీల అందర్ని పిలుస్త!" అంది. పిలిచేసింది కూడా. మా ఆయన కూడా వస్తాడు, అక్కడ డబ్బా చూస్తాడు, వైరు చూస్తాడు. పోతే పోయింది సాక్ష్యం. నా పేరు నేను వినాలి.

నీ చెల్లెలు,
దోర్కా.


ఉప్పల్,
మే 8.

దోర్కమ్మకి,

గల్లీ అంతటినీ పిలవడం ఏవిటే తల్లీ!

ఇది అందగానే ఆ ఏర్పాట్లన్నీ ఆపెయ్యి. మీ ఆయన సాక్ష్యం ఏమవ్వాలి? ఒక మనిషి నమ్మకాన్ని అలా నలుగురిలో పడగొట్టడం పాపం. నీకు నేను చెప్పాలా? పైగా శనివారం మధ్యాహ్నం సైనిక్‌పురిలో చీరలు చౌకగా ఇస్తున్నారట, రెండింటికి అక్కడుండాలి, నేనూ వస్తాను. అది కుదరకపోతే మా ఇంటికే రా. అయితే సరిగ్గా ఆ వేళకి మా టీవీ పనిచేయదు.

ఇంకో మాట. ఆ కార్యక్రమం వాళ్లు ఏది ఉంచుతారో, ఏది కత్తిరిస్తారో చెప్పలేం. మనం ఒకటి అంటే వాళ్లు ఇంకోటి వేస్తారు. పేరు వినపడకపోతే అది నా తప్పు అనుకోకు. నాకు ఈ మధ్య అన్నం సహించడం లేదు. రాత్రి పన్నెండింటికి సర్వపిండి గుర్తొస్తోంది.

ఈయన దివ్యదృష్టి కూడా పోయింది. చుట్టాల్లో ఒకాయన కూలర్ ఆపేశాడు.

అక్క,
రాజ్యం.


నాచారం,
మే 12.

చిరంజీవి సౌభాగ్యవతి రాజ్యానికి అమ్మ దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడు నరసింహమూర్తి క్షేమమని తలుస్తాను.

బిత్తరపోకు. విను. నీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది. అప్పటికే అంతా అయిపోయింది. బాలరాజు ముందుగదిలో ఇసుక వేస్తే రాలనంత జనం. లాలాపేట నుంచి నీరజ అక్కచెల్లెళ్లు కూడా వచ్చారు. నన్ను టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. నేను పట్టుచీర కట్టుకున్నాను, మే నెలలో. యాంకరమ్మాయి, "ఇంత మంచి వంట మీకు ఎవరు నేర్పారండీ?" అంది. గదిలో అందరూ నా వైపు తిరిగారు. నేను కొంగు సర్దుకున్నాను. నువ్వు కెమెరా వైపు గుడ్లు మిటకరించి చూసి, "మా అమ్మండీ" అన్నావు.

మా అమ్మండీ! తణుకులో పుట్టి తణుకులోనే పోయిన మీ అమ్మ సర్వపిండిని కలలోనైనా చూసిందా? కత్తిరిస్తారట, ఇంకోటి వేస్తారట! అంత స్పష్టంగా వినపడింది, అది డిజిటల్ కదా. నాకు ఏడుపొచ్చింది. నీ ముందు దాచడం ఎందుకు, కడుపు మండిపోయింది.

అప్పుడు మా ఆయన లేచాడు. "ఔ మల్ల! గా అమ్మ ఈమెనే! రాజ్యం మా బిడ్డనే!" అన్నాడు.

నీరజ టీవీనీ నన్నూ మార్చి మార్చి చూసి, "గామె నీకంటె పెద్దగ కనబడుతున్నది గద పెద్దమ్మా?" అంది.

"డిజిటల్ల అందరు పెద్దగనే కనబడతరు" అన్నాడు మా ఆయన. అందరూ తలూపారు. చప్పట్లు కొట్టారు. నీరజ చెల్లెలు వచ్చి, "ఎంత మంచి బిడ్డను కన్నవ్ అవ్వా" అని నా చేతులు పట్టుకుంది.

కూర్చోబోతూ మా ఆయన డబ్బాను చూశాడు. డబ్బా వెనక వైరు చూశాడు. వైరు వెంబడి నడుస్తూ కిటికీ దాకా, అక్కణ్ణుంచి గోడ దాకా వెళ్లాడు. చాలాసేపటికి తిరిగొచ్చి, ఐదేళ్ల తర్వాత మొదటిసారి బాలరాజు మొహం చూసి, "ఏలియా ప్రవక్తకు దేవుడు కాకులతోని రొట్టె పంపిండు. నాకు నీతోని బొమ్మ పంపిండు. రేపు కూడికల చెప్త" అన్నాడు.

"నన్ను కాకి అంటవా?" అని బాలరాజు లేచాడు. అక్కణ్ణుంచి బగారా అన్నం దాకా వెళ్లారు. ఐదేళ్ల ఉప్పంతా ఒక్క గంటలో తిట్టుకున్నారు. ఆఖరికి ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని మ్యాచ్ చూశారు. డబ్బా బాలరాజు ఇంట్లోనే ఉంది కాబట్టి మీసానికి ఢోకా లేదట.

ఇప్పుడు నీ సంగతి. గల్లీ అంతా నిన్ను నా కూతురు అనుకుంటోంది. నన్ను అబద్ధాలకోరును చేశావో, ఆ గుడ్లు పీకుతాను. తల్లిని కాబట్టి చెబుతున్నా, పడు. ఆ సర్వపిండి అంత మందంగా ఎవరు ఒత్తమన్నారు? వేలితో చిల్లులు పెట్టకుండానే నూనె పోశావు. గంజుకు అంటుకోక ఏం చేస్తుంది? నా పరువు తీశావు. నేను నేర్పిందా అది?

వచ్చే ఆదివారం అల్లుణ్ని తీసుకుని రా. ఉత్త చేతులతో రాకు. బాలరాజు, నీరజ, అందరూ ఉంటారు. వాళ్ల ముందు సర్వపిండి సరిగ్గా ఒత్తి, పొయ్యి మీద పెట్టి, లేచి నిలబడి, "ఇది నాకు మా అమ్మ దోర్కా నేర్పింది" అని గట్టిగా చెప్పు. అమ్మ ఒక్కటే చాలదు. పేరుతో సహా చెప్పు.

ఇట్లు,
నీ అమ్మ,
దోర్కా.

తా.క. మీ నాన్నగారు ఆశీస్సులు చెప్పమన్నారు. పాదాలకు దణ్ణం పెట్టించుకోవాలని అప్పుడే కొత్త చెప్పులు కొన్నారు.